తలుపు దగ్గరే ఆగిపోయే పార్టీని లోపలికి ఎలా తీసుకెళ్ళాలి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రను తీసుకుని, మాటలతో, డైస్‌తో నడిపే సాహస కథ. కథ నడిపించేవాడు డీఎం (డంజన్ మాస్టర్), ఆటగాళ్ళ పాత్రల జట్టు పార్టీ. విజయవాడలోనో గుంటూరులోనో కొత్తగా ఈ ఆట ఆడించే డీఎం ఎవరు కలిసినా నన్ను అడిగేది ఒకటే. "అన్నా, మావాళ్ళు ఒక్క అడుగు ముందుకు వేయరు. ఏం చేయమంటావు?" ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పడం నా వల్ల కావట్లేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్తాను. రెండేళ్ళ కిందట, సత్యనారాయణపురంలో మా ఇంటి హాల్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం. ఆటలో కొండ మీద పాడుబడ్డ కోట, గోడలో ఒక చెక్క తలుపు. నలుగురు ఆటగాళ్ళూ ఆ తలుపు ముందు గంటా నలభై నిమిషాలు నిలబడ్డారు. చెవి ఆనించి విన్నారు. కర్రతో పొడిచారు. కింద సందులోంచి అద్దం పెట్టి చూశారు. తాడు కట్టి దూరం నుంచి లాగుదామన్నారు కానీ ఆ తాడు ఎవరు కట్టాలో తేలలేదు. పునుగులు చల్లారిపోయాయి. గుంటూరు నుంచి వచ్చిన ఇద్దరూ బస్సు టైమైందని లేచారు. ఇంతా చేస్తే ఆ తలుపుకి గడియ కూడా లేదు. లోపల ఉన్నది చీపుళ్ళూ, విరిగిన కుండలూ.

వాళ్ళు వెళ్ళేదాకా కోపంగానే ఉన్నాను. రాత్రి నా పాత నోట్సు తిరగేస్తే అసలు విషయం బయటపడింది. అంతకు ముందు మూడు సెషన్లలో వాళ్ళు తెరిచిన పెట్టెలో, కూర్చున్న కుర్చీలో, తాగిన నీళ్ళలో, అన్నిట్లోనూ నేను ఏదో ఒక ట్రాప్ (ఉచ్చు) పెట్టాను. తెనాలి రామకృష్ణుడి పిల్లి పాలు చూడగానే పారిపోయిందంటే తప్పు పిల్లిదా? మరిగే పాలు పోసింది నేనే.

సిద్ధాంతం ఎక్కువ చెప్పను. ఆటగాడు ఆగిపోవడానికి కారణాలు రెండు. లోపల ఏం జరుగుతుందో అంచనాకు అందకపోవడం ఒకటి, ఆ గదిలోకి వెళ్ళాల్సిన అవసరం తన పాత్రకు లేకపోవడం రెండోది. భయం పోగొట్టాలని చూడకండి. వెళ్ళాలనే అవసరం పుట్టించండి, ప్రమాదం కంటికి కనబడేలా చేయండి.

కావలసినవి

- ఒక్కో ఆటగాడితో విడిగా 15 నిమిషాలు. ఫోన్‌లో అయినా సరే, టీ కొట్టు దగ్గర అయితే ఇంకా మంచిది.
- పోస్టుకార్డు సైజు అట్టముక్కలు. పాత పెళ్ళి శుభలేఖల వెనకవైపు భేషుగ్గా పనికొస్తుంది.
- 20 చింతపిక్కలు, ఒక గాజు గ్లాసు.
- ఫోన్‌లో టైమర్.
- మీరు వాడే నియమాల పుస్తకం. నా లెక్కలు 2014లో వచ్చిన 5వ ఎడిషన్‌వి. వేరే ఆట ఆడేవాళ్ళకు అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

మినియేచర్లు (పాత్రల చిన్న బొమ్మలు) అక్కర్లేదు. మా ఇంట్లో కొండపల్లి బొమ్మలతోనే నడుస్తోంది. అంబారీ ఏనుగు డ్రాగన్ పాత్రలో ఇప్పటికి రెండుసార్లు చచ్చింది.

1. భయం ఏ రకమో కనిపెట్టండి

అందరినీ ఒకేసారి కూర్చోబెట్టి "ఎందుకు భయపడుతున్నారు?" అని అడిగితే "అబ్బే, అదేం లేదు" అంటారు. విడిగా అడగండి. "పోయిన సెషన్‌లో నీకు బాగా విసుగొచ్చిన చోటు ఏది?" అంటే చాలు, మిగతాది వాళ్ళే చెప్తారు.

నాకు ఎక్కువగా కనబడేవాళ్ళు నాలుగు రకాలు. ఆరు నెలలు పెంచుకున్న పాత్ర ఒక్క డైస్‌తో పోయినవాడు మొదటి రకం. రెండోవాడికి నియమాలు సరిగ్గా రావు, నలుగురిలో తప్పు చేస్తే నవ్వుతారని నోరు మెదపడు. ఇతన్ని పిరికివాడు అనుకుంటే పొరపాటు, మొహమాటం అంతే. మూడోవాడి పాత్రకు ఆ కోటతో సంబంధమే లేదు, మీరు పిలిచారు కాబట్టి వచ్చాడు. నాలుగోవాడికి పథకం వేయడమే సరదా.

ఈ నాలుగోవాడిని బాగుచేయాలని చూడకండి. అతని ఆనందం అదే. మిగతా ముగ్గురికి విసుగు రాకుండా చూసుకుంటే సరిపోతుంది, దానికి 7వ మెట్టు ఉంది.

ఇంకో మాట. మొదటి లెవెల్‌లో పాత్ర ఇంకా బలహీనమే కాబట్టి జాగ్రత్త పడేవాడిది భయం కాదు, తెలివి. 30 అడుగుల ఎత్తు నుంచి పడితే మూడు ఆరు ముఖాల డైస్ నష్టం, అంటే సగటున పదిన్నర. మొదటి లెవెల్ మంత్రగాడి హిట్ పాయింట్లు, అంటే ప్రాణబలం, 6కి కాస్త అటూ ఇటూ. వాడు గోడ ఎక్కనంటే న్యాయమే కదా. మీ బ్యాచ్ మరీ బెదురుగొడ్డు బ్యాచ్ అయితే ఆటను మూడో లెవెల్ నుంచి మొదలుపెట్టండి. సగం గొడవ అక్కడే పోతుంది.

2. ఒక్కొక్కరి చేతా కోరిక కార్డు రాయించండి

ఎక్కువ సమయం దీని మీదే పెట్టండి. మిగతావన్నీ దీని తర్వాతే.

పాత్ర గతం గురించి మూడు పేజీలు రాయించవద్దు. ఎవరూ చదవరు, రాసినవాడు కూడా మర్చిపోతాడు. ఒక్క కార్డు, రెండు వాక్యాలు. అడిగే తీరు మాత్రం మార్చాలి. "నీ క్యారెక్టర్ మోటివేషన్ ఏంటి?" అంటే పరీక్ష హాల్లో కూర్చున్నట్టు బిగుసుకుపోతారు. నేను నాలుగు మాటలు చెప్పి ఒకటి ఎంచుకోమంటాను: బాకీ, మాట, పంతం, ఆశ. ఎవరికి బాకీ ఉన్నాడు? ఎవరికి మాట ఇచ్చాడు? ఎవరి మీద పంతం? దేని మీద ఆశ? ఈ నాలుగూ మనకు ఇంట్లో, వీధిలో రోజూ కనబడేవే కాబట్టి ఆలోచించకుండానే సమాధానం వస్తుంది.

మా బ్యాచ్‌లో కవచం వేసుకున్న యోధుడిని ఆడే మిత్రుడితో జరిగిన సంభాషణ ఇది.

"మీ వీరభద్రుడు డబ్బు ఎందుకు సంపాదిస్తున్నాడు మావా?"

"మంచి కత్తి కొనడానికి."

"కత్తి ఎందుకు?"

"ఇంకా డబ్బు సంపాదించడానికి."

"ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. ఊరు తగలబడిపోయింది."

"నీ పాత్రలన్నిటికీ ఊరు తగలబడుతుందేంట్రా?"

"ఎవర్నైనా ఉంచితే నువ్వు చంపేస్తావు కదా!"

నా దగ్గర జవాబు లేదు. అంతకు ముందు ఆటలో వాళ్ళ నాన్న పాత్రను రాక్షసులు ఎత్తుకెళ్ళారు, ఇంకొకడి గురువుకి విషం పెట్టారు. ఇంట్లోవాళ్ళను ప్రతిసారీ ఎరగా వాడే డీఎం దగ్గర అందరూ అనాథలుగానే పుడతారు. అందుకని అప్పటికప్పుడే ఒక మాట ఇచ్చాను: కార్డు మీద రాసిన మనిషిని నువ్వు సరేననకుండా చంపను, ఎత్తుకుపోనివ్వను. వాడు కాసేపు పెన్సిల్ నమిలాడు.

"సరే, ఒక అక్క ఉంది. కోట కింద ఊళ్ళో ఉంటుంది. నా కవచం ఆవిడ గాజులు కుదువ పెట్టి కొన్నది."

"ఎప్పటికి విడిపించాలి?"

"సంక్రాంతికి. బావ ఊరి నుంచి వచ్చేలోగా."

అంతే, కార్డు అయిపోయింది. ఇక నేను చేయాల్సిందల్లా షావుకారు ఇనప్పెట్టెను ఆ కోటలో పెట్టడమే. తర్వాతి ఆదివారం తలుపు మీద మొదట చెయ్యి వేసింది వీరభద్రుడే.

కార్డు బాగుందా లేదా అని చూడటం తేలిక. అందులో ఒక మనిషి, ఒక చోటు, ఒక గడువు ఉండాలి. మూడింట్లో ఏది లేకపోయినా మళ్ళీ అడగండి. "న్యాయం గెలవాలి", "లోకంలోకెల్లా బలవంతుడు కావాలి" లాంటివి వినడానికి బాగుంటాయి గానీ వాటి కోసం ఎవడూ ఈ రోజు, ఈ తలుపు తీయడు. "నా గతం రహస్యం" అని రాసిన కార్డును తిరిగి ఇచ్చేయండి. రహస్యం మిగతావాళ్ళకు, మీకు కాదు.

ఏమీ తోచడం లేదనే ఆటగాడికి మీరే రెండు కార్డులు రాసి చూపించి ఒకటి తీసుకోమనండి. ఖాళీ కాగితం ముందు బిగుసుకుపోయేవాడు ఎంపిక ఇస్తే వెంటనే చెప్పేస్తాడు. అక్కడ కూడా "రెండూ కాదు, ఇలా అయితే?" అంటాడు. అదే కావాల్సింది.

3. కార్డులను ఒకదానికొకటి ముడి వేయండి

ప్రతి కార్డు కింద ఇంకో ఆటగాడి పాత్ర పేరు రాయించండి: "ఈ పనిలో నాకు ఫలానావాడు కావాలి, ఎందుకంటే..." అని. దొంగ పాత్రకు తాళాలు వచ్చు, వీరభద్రుడికి తాళం వేసిన పెట్టె కావాలి. ఒక వాక్యం చాలు. ఈ ముడి లేకపోతే ఒకడు ముందుకు ఉరుకుతాడు, ముగ్గురు బయట కూర్చుని "నీ చావు నువ్వు చావు" అంటారు.

"నా క్యారెక్టర్ అలా చేయడు" అనే మాట వస్తే వాదించకండి. "మరి ఏం ఉంటే చేస్తాడు?" అని అడిగి ఊరుకోండి. ఆ జవాబులో మీకు వచ్చే సెషన్ దొరుకుతుంది.

4. ప్రమాదాన్ని ముందే చూపించండి

ఉండవల్లి గుహల నుంచి కొండవీడు దాకా సొరంగం ఉందని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం కదా. అలాంటి సొరంగం ఒకటి నా ఆటలో ఉంది. దాని ద్వారాన్ని నేను పాత పద్ధతిలో ఇలా చెప్పేవాణ్ణి: "చీకటిగా ఉంది. ఏం చేస్తారు?" ఈ రెండు మాటలు విన్న ఎవడైనా ఆగిపోతాడు.

ఇప్పుడు ఇలా చెప్తున్నాను: "నేల మీద రాళ్ళు మూడో అడుగు దాకా అరిగి ఉన్నాయి, నాలుగో రాయి మాత్రం కొత్తగా ఉంది. దాని అంచున దుమ్ము లేదు. ఎడమ గోడలో చిటికెన వేలు పట్టేంత కన్నాలు. లోపలి నుంచి గబ్బిలాల వాసన, అంతకన్నా లోపల ఎవరో దగ్గిన చప్పుడు." ట్రాప్ అదే, డైస్ అవే. కానీ ఆటగాడికి పట్టుకోవడానికి నాలుగు పిలకలు దొరికాయి. ఒకడు రాయి దాటుతానంటాడు, ఇంకొకడు కన్నాల్లో గుడ్డ కుక్కుతానంటాడు. దగ్గింది ఎవరో తెలుసుకోవాలని మూడోవాడికి అప్పటికే ఆత్రం.

డైస్ వేయించి మరీ దాచాల్సిన సమాచారం చాలా తక్కువ. ప్రతి పాత్రకూ పాసివ్ పర్సెప్షన్ అని, ప్రత్యేకంగా వెతక్కుండానే ఎంత గమనిస్తుందో చెప్పే ఒక అంకె ఉంటుంది, పదికి గమనించే నైపుణ్యం బోనస్ కలిపితే వస్తుంది. ఆట మొదలయ్యే ముందే నలుగురి అంకెలూ మీ కాగితం మీద రాసుకుని, దానికి అందేదంతా అడగకుండానే చెప్పేయండి.

అవకాశం ఎంతో కూడా చెప్పేయండి. 15 రావాలి, ఇతనికి 5 బోనస్ ఉంది. అంటే 20 ముఖాల డైస్ మీద 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడాలి, అది 55 శాతం. అడ్వాంటేజ్ ఉంటే రెండు డైస్ వేసి పెద్దది తీసుకుంటాడు, అది దాదాపు 80 శాతం. అంకె వినగానే కొత్తవాళ్ళ ముఖాలు విచ్చుకుంటాయి. అంకెలు చెప్తే మజా పోతుందనే డీఎంలు ఉన్నారు. అనుభవజ్ఞుల బల్ల దగ్గర అది నిజం కావచ్చు, బెదిరిపోయిన బల్ల దగ్గర కాదు.

5. పందెం ముందు చెప్పి, డైస్ తర్వాత వేయించండి

పల్నాటి కథలో కోడిపందెం గుర్తుంది కదా. ఓడినవాళ్ళు రాజ్యం విడిచి పోవాలని కోళ్ళను వదలకముందే ఇరుపక్షాలకూ తెలుసు. తెలిసే దిగారు. అందుకే ఇన్ని వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ పందెం గురించి చెప్పుకుంటున్నాం.

ప్రతి పెద్ద రోల్ (డైస్ వేయడం) ముందూ ఒక వాక్యం చెప్పండి: "గెలిస్తే కాపలావాడికి తెలియకుండా లోపల ఉంటావు. ఓడితే లోపలే ఉంటావు, కానీ వాడు లేస్తాడు. వేస్తావా?" వద్దంటే వెనక్కి తగ్గే అవకాశం ఇవ్వండి. చాలామంది తగ్గరు.

6. చింతపిక్కలతో కాలాన్ని బల్ల మీద పెట్టండి

గ్లాసులో ఆరు చింతపిక్కలు వేసి బల్ల మధ్యలో ఉంచండి. "ఇవి అయిపోయేసరికి షావుకారు మనుషులు పెట్టె తీసుకుని వెళ్ళిపోతారు" అని చెప్పండి. పాత్రలు షార్ట్ రెస్ట్ (చిన్న విశ్రాంతి) తీసుకుంటే ఒకటి, పెద్ద చప్పుడు చేస్తే ఒకటి, ఒకే గదిని రెండోసారి వెతికితే ఒకటి తీసేయండి. లాంగ్ రెస్ట్ అంటే ఎనిమిది గంటలు, దానికి మూడు తీయండి. పైగా 24 గంటల్లో ఒక్క లాంగ్ రెస్ట్ మాత్రమే కుదురుతుంది. ఈ నియమం చాలామంది డీఎంలు మర్చిపోతారు, అందుకే ప్రతి పోట్లాట తర్వాతా పార్టీ దుప్పట్లు పరుస్తుంది.

జాగ్రత్త: పిక్క ఎప్పుడు తీస్తారో ముందే చెప్పిన పద్ధతిలోనే తీయండి. విసుగొచ్చి తీస్తే అది కాలం కాదు, శిక్ష అవుతుంది. పిక్క తీసిన ప్రతిసారీ లోకంలో ఏదో ఒకటి కదలాలి. కింద అంతస్తులో బండి చక్రం చప్పుడు వినబడాలి, దివిటీ ఒకటి ఆరిపోవాలి.

ప్రతి సెషన్‌కూ ఇది పెట్టవద్దు. మూడింటికి ఒకసారి చాలు. ఎప్పుడూ తరుముతుంటే మనుషులు అలసిపోతారు.

7. పథకానికి పది నిమిషాలు, ఆ తర్వాత "ముందే చేసి పెట్టా"

టైమర్ పెట్టండి. మోగగానే అప్పటిదాకా అనుకున్నదానితో దిగాలి. ఇందులో అన్యాయం ఉంది: అన్నీ ఆలోచించే మన నాలుగోవాడికి చేతులు కట్టేసినట్టు ఉంటుంది. దానికి విరుగుడుగా ఒక్కొక్కరికి సెషన్‌కు ఒక చింతపిక్క ఇవ్వండి. అది బల్ల మీద పెట్టి "నేను నిన్నే వచ్చి ఆ కాపలావాడికి కల్లు పోయించాను" అని చెప్పవచ్చు, మీరు ఒప్పుకోవాలి. అప్పటికే జరిగిపోయినదాన్ని కొట్టేయడానికి మాత్రం వీల్లేదు. ఈ ఒక్క నియమంతో మా దగ్గర గంట పథకాలు పావుగంటకు దిగాయి. అన్నీ ముందే ఊహించాల్సిన పని లేదని తెలిశాక ఎవరూ పట్టుబట్టరు.

8. ఓడినా కథ ఆగకూడదు

తాళం తీయలేకపోతే "తెరుచుకోలేదు" అనకండి. తెరుచుకుంది, తాళం చెవి లోపలే విరిగింది, వెళ్ళేటప్పుడు ఈ తలుపు మూయలేరు. ఓడిపోవడం అంటే చావు ఒక్కటే కాదు. పట్టుబడటం, వస్తువు పోవడం, ఎవరికో కొత్త బాకీ పడటం, అన్నీ ఉన్నాయి.

చావు నియమం ఆటగాళ్ళకు తెలియకపోతే ఒక్కసారి చదివి వినిపించండి. హిట్ పాయింట్లు సున్నాకు పడినంత మాత్రాన పోరు. తమ వంతు వచ్చినప్పుడల్లా 20 ముఖాల డైస్ వేస్తారు, 10 గానీ ఆపైన గానీ మూడుసార్లు పడితే బతికినట్టే, అంతకన్నా తక్కువ మూడుసార్లు పడితేనే పోతారు. 20 పడితే ఒక హిట్ పాయింట్‌తో లేచి కూర్చుంటారు. 1 పడితే రెండు ఓటముల కింద లెక్క. ఏడాది నుంచి ఆడుతూ కూడా ఇది తెలియని వాడు మా బ్యాచ్‌లోనే ఉన్నాడు, పాపం.

తన కార్డు కోసం ఎవరైనా తెలిసి తెలిసి ప్రమాదంలోకి దిగితే అక్కడికక్కడే ఇన్‌స్పిరేషన్ ఇవ్వండి, దాంతో ఒక రోల్‌కు అడ్వాంటేజ్ వస్తుంది. గెలిచాక ఇస్తే అది గెలుపుకి బహుమానం అవుతుంది. దిగినప్పుడే ఇవ్వాలి.

ఎక్కువగా చేసే తప్పులు

ఆలస్యం చేశారని వెనక నుంచి గాబ్లిన్లతో (చిన్న రాక్షసులతో) దాడి చేయించడం. ఇది నేనూ చేశాను. తర్వాతి సెషన్‌లో వాళ్ళు ముందూ వెనకా రెండు వైపులా కాపలా పెట్టుకుని మరీ నిలబడ్డారు.

దారి చూపించడానికి మీరే ఆడించే పాత్రను, అంటే ఒక బలమైన ఎన్‌పీసీని పార్టీతో పంపడం. మూడు గదులు తిరిగేసరికి "ముందు నువ్వెళ్ళు బాబాయ్" అని వాడినే తోస్తారు.

డబ్బు పెంచుతూ పోవడం. వంద బంగారు నాణేలకు కదలనివాడు వెయ్యికి కదలడు, "ఇంత ఇస్తున్నారంటే లోపల ఇంకేదో ఉంది" అనుకుంటాడు.

ధైర్యం చేసిన మొదటిసారే దెబ్బ కొట్టడం. నెల రోజుల తర్వాత ఒకడు తనంతట తాను తలుపు తీస్తే లోపల ఏదో ఒకటి దొరకాలి. ప్రమాదం ఉండొచ్చు, కానీ చేతికి ఏదీ రాకుండా ఉండకూడదు. ఆ రోజు మీ నోట్సులో చీపుళ్ళ గది అని రాసి ఉన్నా సరే, మార్చేయండి.

పని చేస్తోందో లేదో ఎలా చూడాలి

ఆట తర్వాత "బాగుందా?" అని అడిగితే అందరూ బాగుందనే అంటారు, మీ ఇంట్లో తిన్నారు కదా. అందుకని లెక్కపెట్టండి. మీరు ఒక చోటును వర్ణించడం ఆపిన క్షణం నుంచి ఎవరైనా "నేను ఇది చేస్తాను" అనే దాకా ఎన్ని నిమిషాలో సెషన్‌కు మూడుసార్లు రాసుకోండి. మా దగ్గర మొదట 20 నిమిషాలు ఉండేది, ఇప్పుడు నాలుగైదు. సున్నా కావాల్సిన పని లేదు.

మొదట నోరు తెరిచింది ఎవరో కూడా రాసుకోండి. ప్రతిసారీ ఒకే పేరు ఉంటే మిగతా కార్డులు పనిచేయట్లేదని అర్థం, 2వ మెట్టుకు వెళ్ళండి. "ట్రాప్ ఉందా?" అనే ప్రశ్నలు తగ్గి "వాడెవడు?", "ఇది ఎవరిది?" లాంటివి పెరుగుతున్నాయా చూడండి. వారం మధ్యలో వాట్సాప్ గ్రూపులో ఎవరైనా "మా అక్క గాజుల సంగతి ఏమైంది?" అని అడిగితే ఇంక లెక్కలు మానేయవచ్చు.

మూడు సెషన్లు చూడండి. అప్పటికీ కదలకపోతే ఆ ఆటను పక్కన పెట్టి ఒక్కరోజు ఆట ఒకటి ఆడించండి. గుంటూరు బస్సు టైముకి అయిపోయేలా మూడు గంటలది. పాత్రలు, కార్డులు అన్నీ మీరే రాసి ఇవ్వండి. రేపు ఉండని పాత్ర కాబట్టి ఎవరికీ దాచుకోవాలనిపించదు. మొదలుపెట్టేటప్పుడు తలుపు బయట కాకుండా లోపల మొదలుపెట్టండి: వాళ్ళు అప్పటికే సొరంగంలో ఉన్నారు, దివిటీ సగం కాలింది, పెట్టె వాళ్ళ చేతుల్లో ఉంది, పైన ఎవరో తలుపుకి గడియ పెడుతున్నారు.